తగవు – తగవరి: పల్నాటి వీరగాథ, ‘మాలపల్లి’లలో న్యాయతత్త్వ విచారణ

‘తగు’ అనే క్రియతో ముడిపడిన ‘తగవు’ ప్రాచీన తెలుగులో న్యాయానికి పేరు. తగినది తగవు, తగవు చెప్పేవాడు తగవరి. నేటి వాడుకలో అదే మాటకు గొడవ, కలహం అన్న అర్థాలే ముందు స్ఫురిస్తాయి. ‘రచ్చ’కూ ఇదే గతి పట్టింది. ఊరి పెద్దలు కూర్చొని తీర్పు చెప్పే చోటు రచ్చ. ఇప్పుడు రచ్చ అంటే అల్లరి. ‘పంచాయితీ’ సంగతి చెప్పనక్కరలేదు. ‘వాళ్లకూ వీళ్లకూ పంచాయితీ’ అన్నప్పుడు అక్కడ అయిదుగురు పెద్దలు ఉన్నారని ఎవరూ అనుకోరు. న్యాయాన్ని చెప్పే మాటలు ఒకటి తరువాత ఒకటిగా వివాదాన్ని చెప్పే మాటలుగా మారడం కేవలం అర్థవిపరిణామం కింద చేర్చి వదిలేయదగిన విషయం కాదు. తీర్పు మీద జనానికి నమ్మకం సడలినప్పుడు తీర్పు జరిగే చోటు తగాదా జరిగే చోటుగానే గుర్తుండిపోతుంది. పల్నాటి సీమకు చెందిన రెండు రచనలను న్యాయతత్త్వ దృష్టితో పరిశీలించే ప్రయత్నానికి ఈ మాటల చరిత్ర మంచి ప్రవేశద్వారం.

న్యాయశాస్త్రాన్ని తత్త్వశాస్త్రంతో, సామాజిక శాస్త్రాలతో కలిపి బోధించాలన్న ఆలోచన భారతీయ విశ్వవిద్యాలయాలలో అయిదేళ్ల సమీకృత కోర్సులతో స్థిరపడింది. బెంగళూరులోని జాతీయ న్యాయ పాఠశాలలో 1988లో తరగతులు ఆరంభమయ్యాయి. 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య పేరిట ఇప్పుడున్న న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. చరిత్ర, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం చదివిన తరువాతనే, లేదా చదువుతూనే, విద్యార్థి సెక్షన్ల లోకి వెళ్తాడు. ఏర్పాటు మంచిదే. అయితే న్యాయతత్త్వం బోధించేటప్పుడు ఆస్టిన్, మెయిన్, హార్ట్ వంటివారి సిద్ధాంతాలతో పాటు వారి ఉదాహరణలు కూడా రోమ్ నుంచి, ఇంగ్లండ్ నుంచి అలాగే దిగుమతి అవుతాయి. తెలుగు శాఖలు తమ వంతుగా వీరగాథలను వీరరసానికి, జానపద విజ్ఞానానికి కేటాయించి, నవలలను సంస్కరణోద్యమానికి కేటాయించి, వాటిలోని న్యాయవిచారాన్ని తమది కాని విషయంగా పక్కన పెట్టాయి. ఈ రెండు శాఖల మధ్య మిగిలిపోయిన ఖాళీలో పల్నాటి వీరగాథా ఉన్నది, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ కూడా ఉన్నది.

పందెపు షరతు

పన్నెండో శతాబ్ది చివరి భాగంలో జరిగినట్లు చెప్పే పల్నాటి యుద్ధం గురజాల, మాచర్లల మధ్య దాయాదుల పోరు. గురజాలలో నలగామరాజు, ఆయన పక్షాన నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవాదులు, వారి పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం షరతు ప్రకారం ఏడేళ్లు సీమ విడిచి వెళ్లింది. గడువు తీరిన తరువాత తమ పాలు తమకు ఇమ్మని అడిగితే గురజాల పక్షం ఇవ్వలేదు. రాయబారిగా వెళ్లిన అలరాజు తిరిగి రాలేదు. విషప్రయోగంతో చర్లగుడిపాడులో మరణించాడన్నది సంప్రదాయం. తరువాత కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున యుద్ధం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’లో బాలచంద్రుని యుద్ధానిదే పెద్దపీట. దానిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో విస్తృతమైన పీఠికతో ప్రచురించారు. పందెం నుంచి పోరు దాకా గాథను మొత్తంగా నిలబెట్టుకున్నవారు మాత్రం వీరవిద్యావంతులు. మాల సామాజిక వర్గానికి చెందిన ఈ గాయకుల్లో ఒకరైన అలిసెట్టి గాలెయ్య పాడిన గాథను జీన్ రోఘైర్ ఆంగ్లంలోకి అనువదించి, 1982లో అధ్యయనంతో సహా వెలువరించారు.

ఈ గాథపై వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం ఎవరిది ధర్మం అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన సంస్కర్త, నాగమ్మ కుట్రదారు. లేదా దానికి ప్రతిగా నాగమ్మ రాజనీతిజ్ఞురాలు, బ్రహ్మనాయుడు ఇంటిపోరు పెంచినవాడు. న్యాయవాదులు రెండు పక్షాల వాదనలు వినిపించినట్లే విమర్శకులూ వినిపించారు. న్యాయమూర్తి స్థానం ఖాళీగా ఉన్నదన్న సంగతి మాత్రం ఎవరి దృష్టికీ ఆనినట్లు లేదు. గాథలోని అసలు విషాదం ఆ ఖాళీలోనే ఉన్నది.

కోడిపందెం ధర్మశాస్త్రాలకు తెలియని విషయం కాదు. పాచికల వంటి ప్రాణం లేని వాటితో ఆడేది ద్యూతం. కోళ్లు, పొట్టేళ్లు వంటి ప్రాణులతో ఆడేది సమాహ్వయం. మనువు రెండింటినీ నిషేధించమన్నాడు. యాజ్ఞవల్క్యుడు అలా అనలేదు. ఆట నిర్వహించే సభికుడు ఒకడు ఉండాలి, రాజుకు చేరవలసిన భాగం చేరాలి, ఆట బహిరంగంగా జరగాలి. ఇవన్నీ ఉన్నప్పుడు గెలిచినవాడి సొమ్ము అతనికి ఇప్పించే బాధ్యత రాజుది, లేనప్పుడు కాదు. కపటంగా ఆడినవాడికి దేశబహిష్కారం. ప్రాణిద్యూతానికి కూడా ఇదే విధి అని యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా చెప్పాడు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను తెలుగుదేశం ఎరగనిదేమీ కాదు. పదమూడో శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేర దానిని పద్యాలలోకి తెచ్చాడు. అంటే పల్నాటి యుద్ధానికి వందేళ్లు తిరగకముందే వ్యవహారకాండ తెలుగులో చదువుకోదగిన విషయమైంది.

పల్నాటి పందేన్ని ఈ కొలతతో చూస్తే లోపం కనిపిస్తుంది. ఆట బహిరంగంగానే జరిగింది, సాక్షులకు కొదవ లేదు. మోసంతో గెలిచారన్న జనశ్రుతి ఉన్నది. అది నిజమైతే విచారించవలసింది ఎవరు? గెలిచిన సొమ్ము ఇప్పించవలసిన రాజే ఇక్కడ పందెం కాసిన పక్షం. షరతును అమలు చేయవలసినవాడు, షరతు వల్ల లాభం పొందినవాడు ఒక్కడే అయినప్పుడు సభికుడి స్థానంలో ఎవరూ లేరు. ఏడేళ్ల తరువాత ‘గడువు తీరింది’ అని ఒక పక్షం అంటే ‘తీరలేదు’ అనో, ‘తీరినా ఇవ్వం’ అనో రెండో పక్షం అనగలదు. రెండు మాటల్లో ఏది నిలుస్తుందో చెప్పే మూడో గొంతు సీమలో లేదు. నేటి చట్టానికి ఈ సమస్య ఎదురుకాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ముప్పయ్యో సెక్షన్ పందెపు ఒప్పందాలను చెల్లనివిగా ప్రకటించి కథను మొదట్లోనే ముగిస్తుంది. ఆ చట్టం వెలుగులో చూస్తే పల్నాటి వీరులు చెల్లని కాగితం మీద ప్రాణాలు ఒడ్డారు. ఆ వ్యాఖ్య సరైనదే కావచ్చు, కాని గాథను అర్థం చేసుకోవడానికి పనికిరాదు. మాట ఇచ్చాక వెళ్లి తీరాలన్న బాధ్యతను మాచర్ల పక్షం లోపలి నుంచి ఒప్పుకున్నది. ఎవరూ కత్తి చూపించి తరమలేదు.

హెచ్.ఎల్.ఎ. హార్ట్ 1961లో వెలువరించిన ‘చట్ట భావన’లో ప్రధానంగా తేల్చదలచుకున్నది ఈ తేడానే. తుపాకి చూపించినవాడికి డబ్బు ఇవ్వక తప్పదు, అయితే ఇవ్వవలసిన బాధ్యత లేదు. చట్టమంటే శిక్షాభయంతో కూడిన సార్వభౌముని ఆజ్ఞ అన్న ఆస్టిన్ నిర్వచనం ఈ రెండింటినీ కలిపేసిందని హార్ట్ ఆక్షేపణ. ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే నియమాలు మాత్రమే ఉన్న సమాజంలో చిక్కులు తప్పవని కూడా ఆయన అన్నాడు. నియమం ఏదో తేల్చే పద్ధతి, దానిని మార్చే పద్ధతి, భంగమైందో లేదో నిర్ణయించే పద్ధతి కావాలి. ఈ మూడోది లేకపోతే నియమభంగం మీద వాదులాట అంతం కాదు. హార్ట్ దీనికి ఊహాత్మకమైన ఒక చిన్న సమాజాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. పల్నాటి గాథ తెలిసిన పాఠకుడికి ఆ ఊహ అక్కరలేదు. బాధ్యతాభావం నిండుగా ఉండి, తీర్పు పద్ధతి బొత్తిగా లేని సీమను ఈ గాయకులు ఎనిమిది వందల ఏళ్ల నాటి జ్ఞాపకంగా పాడుతూ వచ్చారు.

మహాభారతంతో పోలిక ఇక్కడ తప్పదు. జూదం, అజ్ఞాతవాసంతో కూడిన అరణ్యవాసం, రాయబారం, దాయాదుల యుద్ధం అన్న వరుసను చూసి పల్నాటి గాథకు భారతం అచ్చు పోసిందని చాలామంది అన్నారు. పోలికను మించిన భేదం ఒకటి ఉన్నది. భారతంలో ద్రౌపది సభలో నిలబడి ఒక వ్యవహార ప్రశ్న అడుగుతుంది. తనను తాను ఓడినవాడికి భార్యను ఒడ్డే అధికారం ఉన్నదా? భీష్ముడు సమాధానం చెప్పలేకపోయాడు. అయినా ప్రశ్న అడగడానికి సభ ఉన్నది, సమాధానం చెప్పవలసిన పెద్దలు ఉన్నారు, వారి మౌనం వారి అపరాధంగా నమోదైంది. పల్నాట అలాంటి సభ లేదు. ఉన్నది రాయబారం మాత్రమే. అలరాజు నలగామరాజుకు అల్లుడు కూడా అని సంప్రదాయం చెబుతుంది. తీర్పరి లేని చోట చుట్టరికమే చివరి న్యాయవేదిక అయింది. అతని మరణంతో మాట్లాడుకునే దారి మూసుకుపోయింది. బాలచంద్రుడి వీరావేశం అక్కడి నుంచే మొదలవుతుంది. దానిని యౌవనపు తొందరగా చదివిన విమర్శ ఆ మూసుకుపోయిన దారిని చూడలేదు.

‘చరిత్ర’ అనే పాదం

ధర్మశాస్త్ర, అర్థశాస్త్ర సంప్రదాయాలలో వ్యవహారానికి నాలుగు పాదాలు: ధర్మం, వ్యవహారం, చరిత్ర, రాజశాసనం. కౌటిల్యుడూ నారదుడూ ఈ నాలుగింటినీ చెప్పారు. ఇక్కడ చరిత్ర అంటే గడచిన కాలపు వృత్తాంతం కాదు, జనంలో నిలిచిన నడవడి, ఆచారం. ద్విపదకు ‘వీరచరిత్ర’ అని పేరు పెట్టినవారు ఈ అర్థాన్ని ఉద్దేశించారని చెప్పడం సాహసమే అవుతుంది. కాని ఆ గాథ చుట్టూ ఏర్పడిన ‘వీరాచారం’ అనే మాట మాత్రం ఆ అర్థానికి దగ్గరగా వస్తుంది. కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే ఉత్సవాలకు వీరాచారవంతులు వీరుల ఆయుధాలను మోసుకొని దూరపు ఊళ్ల నుంచి వస్తారు. వారికి గాథ ఒక కథ మాత్రమే కాదు, ఏటా చెల్లించవలసిన బాధ్యత కూడా.

చాపకూడును ఈ కోణం నుంచి చూడాలి. కులభేదం లేకుండా ఒకే చాప మీద కూర్చొని తినడం సంస్కరణగా ప్రసిద్ధం. అది నియమంగా ఎలా పనిచేసిందన్నది వేరే ప్రశ్న. దానికి శిక్ష లేదు, శాసనం లేదు. కలిసి కూర్చున్నవారు కూర్చోవడం ద్వారానే దానిని నియమంగా చేశారు. బాలచంద్రుడి వెంట యుద్ధానికి వెళ్లిన సోదరులు వేరు వేరు కులాల వారు కావడం, మాల కన్నమదాసు బ్రహ్మనాయుడికి కొడుకులాంటివాడు కావడం ఆ పంక్తి కొనసాగింపే. పందెపు షరతు, చాపకూడు అనే రెండు నియమాలూ గాథలో పక్కపక్కన ఉన్నాయి. మొదటిది ఇద్దరు అధికారుల మధ్య కుదిరి, తీర్పరి లేక రక్తపాతంలో ముగిసింది. రెండోదానికి తీర్పరి అవసరమే రాలేదు. దానికి కట్టుబడినవారందరూ దాని తయారీలో భాగస్వాములు. నియమాలు వాటికి అర్థమిచ్చే కథల నుంచి విడిగా బతకవని రాబర్ట్ కవర్ 1983లో వాదించాడు. అదే వ్యాసంలో మరో కఠినమైన మాట కూడా ఉన్నది. రాజ్య న్యాయస్థానం కొత్త చట్టాన్ని పుట్టించే చోటు అనుకుంటాం గాని, సమూహాలు పుట్టించుకున్న అనేక చట్టాలలో ఒకదానిని నిలిపి తక్కినవాటిని చంపడమే అది ఎక్కువగా చేసే పని అన్నాడు. ఆ మాటకు పల్నాట సాక్ష్యం ఇరవయ్యో శతాబ్దిలో దొరుకుతుంది.

పుల్లరి నుంచి పాలేరు దాకా

1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిని రిజర్వుగా ప్రకటించి, అందులో పశువులు మేపుకోవడాన్ని అనుమతికి, రుసుముకు లోబడిన పనిగా మార్చింది. అడవి అంచున ఉన్న పల్నాటి గ్రామాలకు మేత అంతవరకు వాడుక. చట్టం తరువాత అది సర్కారు ఇచ్చే వెసులుబాటు. ఆ రుసుమే పుల్లరి. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టమన్నారు. అధికారులకు నీళ్లూ నిప్పులూ అందకుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు మరణించాడు. ఉద్యమం సంగతి పరిశీలించడానికి వెళ్లి జైలుపాలైనవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ ఒకరు.

ఉన్నవ 1877లో అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టారు. గుంటూరులో న్యాయవాద వృత్తి చేస్తూ 1913లో ఐర్లండుకు వెళ్లి, డబ్లిన్‌లో బారిస్టరు చదువు ముగించి 1916లో తిరిగి వచ్చారు. ఆ ఏడాదే డబ్లిన్ వీధులలో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. కౌలుదారుల హక్కుల మీద, భూస్వాముల ఒప్పందాల మీద దశాబ్దాలుగా నలిగిన దేశంలో ఆయన చట్టం చదివారు. గ్రంథాలయంలో చదివిన చట్టానికీ వీధిలో కనిపించిన చట్టానికీ మధ్య దూరం ఆయనకు అక్కడే తెలిసి ఉంటుంది. జైలులో రాసి 1922లో వెలువరించిన ‘మాలపల్లి’ని గాంధేయ నవలగా, సాంఘిక వాస్తవికతకు తొలి నమూనాగా, వాడుకభాషా విజయంగా విమర్శకులు చదివారు. ఒక బారిస్టరు రాసిన నవలగా చదవడం మాత్రం అరుదు.

నవలలో కథకు ముడి కూలి వివాదం. కూలి ధాన్యంలో ఇవ్వడం ఊరి వాడుక. ధరలు పెరిగిన కాలంలో మోతుబరులు దానిని డబ్బులోకి మార్చాలని చూస్తారు. గింజల కొలత నిలకడగా ఉండేది; డబ్బు కొలత ధర పెరిగిన కొద్దీ కరిగిపోయేది. చౌదరయ్య దగ్గర పాలేరైన సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. చౌదరయ్య దెబ్బకు ప్రాణం పోగొట్టుకుంటాడు. హెన్రీ మెయిన్ 1861లో ‘ప్రాచీన చట్టం’లో ప్రగతిశీల సమాజాలు హోదా నుంచి ఒప్పందం వైపు నడుస్తాయని సూత్రీకరించాడు. మరుసటి ఏడాదే వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడిగా మన దేశానికి వచ్చాడు. ఆయన సూత్రాన్ని మంగళాపురం మాలపల్లి తలకిందులు చేస్తుంది. ధాన్యపు కూలి హోదాతో ముడిపడినది, డబ్బు కూలి ఒప్పందంతో ముడిపడినది. మెయిన్ లెక్కలో రెండోది ముందడుగు. కాని ఆ ఒప్పందానికి ఒక పక్షం వారిని ఎవరూ అడగలేదు. అడగకుండా కుదిరిన ఒప్పందం హోదాకు కొత్త పేరు మాత్రమే అని ఉన్నవ కథ చూపిస్తుంది.

ఇంతటితో ఆగితే ‘మాలపల్లి’ ఆచారాన్ని సమర్థించే నవల అయ్యేది. అలా చదివినవారూ లేకపోలేదు. ఆ చదువు నిలవదు. ధాన్యపు కూలిని కాపాడిన అదే ఆచారం మాలపల్లిని ఊరికి వెలుపల ఉంచింది. అదే బావి దగ్గరికి రానివ్వలేదు, గుడిలోకి రానివ్వలేదు. పుల్లరి ఉద్యమంలో అధికారుల మీద ప్రయోగించిన సాంఘిక బహిష్కారం కూడా పల్నాటి గ్రామం కొత్తగా కనిపెట్టిన ఆయుధం కాదు. తరతరాలుగా దళితుల మీద, కట్టు తప్పినవారి మీద వాడి పదును పెట్టిందే. రాజ్యానికి ఎదురు నిలిచిన ఆచారానికి నిర్దోషిత్వం ఆపాదించే పరిశోధన ఈ సంగతి దాటవేస్తుంది. ఉన్నవ దాటవేయలేదు. వైష్ణవ భక్తుడైన రామదాసు పాత నడవడిలో శాంతిని వెతుక్కుంటాడు. ఆ నడవడి ఆయనకు భూమిని గాని కొడుకును గాని మిగల్చలేదు. నవల సంగదాసు పక్షాన మొగ్గడానికి కారణం అతడు పాత ఆచారాన్ని కోరాడని కాదు. కూలి ఎంతో, ఏ రూపంలోనో నిర్ణయించే మాటలో కూలివాడికి పాలు ఉండాలని కోరాడు. ఆచారమైనా ఒప్పందమైనా శాసనమైనా, దానికి కట్టుబడవలసినవాడి గొంతు వినకుండా పుట్టినది అతనికి బలప్రయోగమే. హార్ట్ తుపాకి ఉదాహరణలో చెప్పిన తేడా మంగళాపురంలో పాలేరు అనుభవంగా కనిపిస్తుంది.

వీరగాథలో ఇరుపక్షాలకు గొంతు ఉన్నది, తగవరి లేడు. ‘మాలపల్లి’లో తగవరి ఉన్నాడు, పోలీసు ఠాణా ఉన్నది, కోర్టు ఉన్నది, జైలు ఉన్నది. లేనిది గొంతు. సంగదాసు అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై దోపిడీలకు దిగడం ఈ లేమికి ప్రతిస్పందన. విమర్శకులు అతనిలో విప్లవకారుడినీ ఉదారుడైన బందిపోటునూ చూశారు. ఆ పేరును కాస్త ఆగి చూడాలి. తక్కెడ తూకానికి గుర్తు, ప్రపంచమంతటా న్యాయస్థానాల మీద చెక్కే గుర్తు. తూకం తప్పిన ఊళ్లో తూకం వేయడానికి తనకు తానే అధికారం ఇచ్చుకున్నవాడు జగ్గడు. ఈ అర్థం రచయిత ఉద్దేశంలో ఉన్నదో లేదో పేరు ఒక్కదాని మీద తేల్చలేం. కాని పల్నాటి గాథలో బాలచంద్రుడు ఉన్న స్థానంలోనే జగ్గడూ ఉన్నాడు. మాట్లాడే దారి మూసుకుపోయిన తరువాత మిగిలిన దారి ఇద్దరిదీ. నవల అతని సాహసాన్ని ప్రేమిస్తుంది, అతని మార్గాన్ని ఒప్పుకోదు. ఈ రెంటి మధ్య ఉన్నవ ఎటూ తేల్చకపోవడాన్ని కొందరు గాంధీవాదానికీ సామ్యవాదానికీ మధ్య ఊగిసలాటగా నిందించారు. తీర్పు చెప్పడం అలవాటైన బారిస్టరు తీర్పును ఆపుకొని పట్టుకోవడంగా దానిని చూడడం మరింత న్యాయం.

సెటిల్‌మెంటు ఘట్టాలు నవలలో న్యాయదృష్టికి అత్యంత విలువైన భాగం. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. నేరం చేసినవాడిని శిక్షించడం నుంచి నేరం చేస్తాడని ముద్ర వేసిన పుట్టుకను నిర్బంధించడం దాకా చట్టం ఈ ఒక్క అడుగులో వెళ్లిపోయింది. గుంటూరు ప్రాంతానికి సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం దగ్గరిదే. రామదాసు కుటుంబం భూమిని పోగొట్టుకుని, నేరస్తుల ముద్రతో సెటిల్‌మెంటు గోడల లోపలికి చేరిన తరువాత, బయట ఆచారం చేసిన పనినే లోపల చట్టం రిజిస్టర్ల సాయంతో చేస్తుంది. మెయిన్ సూత్రం ఇక్కడ మరోసారి తలకిందులవుతుంది. ఆధునిక శాసనం మనిషిని ఒప్పందం నుంచి పుట్టుకకు తిప్పి పంపింది. ఈ ఘట్టాలను మిషనరీల మీద విమర్శగా మాత్రమే చదవడం వాటి బరువును తగ్గించడమే. ఉన్నవ గురి మత సంస్థ మీద కన్నా ఆ సంస్థకు తాళం చెవులు ఇచ్చిన చట్టం మీద ఎక్కువగా ఉన్నది.

భాష విషయం ఒకటి తెలుగు శాఖల వారు ప్రత్యేకంగా గమనించదగినది. ఉన్నవ గుంటూరు సీమ వాడుకభాషను ఎంచుకోవడాన్ని వ్యావహారిక వాద చరిత్రలో భాగంగా లెక్కిస్తాం. ఆ లెక్క సరిపోదు. అప్పటి కోర్టులో సాక్షి తెలుగులో చెప్పినదానిని గుమాస్తా ఇంగ్లీషులో రాసుకునేవాడు. తీర్పు ఇంగ్లీషులో వచ్చేది. వాది మాట మొదట భాష మారి, తరువాతనే సాక్ష్యమయ్యేది. పాలేరు మాటను పాలేరు యాసలో అచ్చు వేయడం ఆ మధ్యలోని అడుగును తీసివేయడం. కోర్టు రికార్డులో చోటు దొరకని వాంగ్మూలానికి నవలలో చోటు దొరికింది. కేతన ధర్మశాస్త్రాన్ని సంస్కృతం నుంచి తెలుగులోకి దించిన పనికి, ఏడు వందల ఏళ్ల తరువాత ఎదురు దిశ నుంచి జరిగిన కొనసాగింపు ఇది. కేతన తీర్పు చెప్పేవాడికి తెలుగు ఇచ్చాడు. ఉన్నవ తీర్పు కోసం నిలబడినవాడి తెలుగును అచ్చులోకి తెచ్చాడు.

మద్రాసు ప్రభుత్వం 1923లో ‘మాలపల్లి’ని నిషేధించింది. 1928లో నిషేధం తొలగింది, 1936లో మళ్లీ వచ్చింది, 1937లో రాజాజీ మంత్రివర్గ కాలంలో మళ్లీ తొలగింది. ఈ రాకపోకలను నవల గొప్పతనానికి కితాబులుగా ఉదహరించడం మనకు అలవాటు. నిజానికి అవి నవల వేసిన ప్రశ్నకు ఉదాహరణలు. పుస్తకాన్ని పాఠకులకు దూరం చేసిందీ దగ్గర చేసిందీ పైనుంచి వచ్చిన ఉత్తర్వులే.

కారెంపూడి ఉత్సవాలు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. గాథ చెప్పే వరుసకు ఈ వరుస సరిపోదు. కథలో కోడిపోరు ముందు, రాయబారం తరువాత. ఉత్సవంలో రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు. తిథికీ తంతుకీ సంబంధించిన కారణాలు దీనికి ఉండవచ్చు. జానపద విజ్ఞాన పరిశోధకులు ఆ కారణాలు వెతికేటప్పుడు ఒక సంగతి గమనించాలి. యుద్ధం ముగిసిన కథను ఏటా మళ్లీ నడిపే జనం ఆయుధాలతో ఊళ్లోకి వచ్చి, పందెం కాయకముందే రాయబారం నడుపుతున్నారు.